నెట్ మారితే ఉప్పు వెయ్యి

మొదలుపెట్టేనాటికి గవర్రాజు చేతిలో పన్నెండు వేల మూడు వందలు ఉన్నాయి. తలలో అంతకు వందరెట్లు తెలివి ఉందని ఇంటిల్లిపాదికీ నమ్మకం. వందరెట్లంటే ఎంతో కూడా అతనే నోటిలెక్కన చెప్పాడు, పన్నెండు లక్షల ముప్పై వేలని. సరిగ్గా అంతే. గవర్రాజుకి లెక్క ఎప్పుడూ తప్పదు. మిగతావే తప్పుతాయి.

పెదలంకపాడులో ఎవరైనా వాళ్ళ గుమ్మం ముందునుంచి పోతూ, "ఇదేనటండీ తెలివైనవాళ్ళ ఇల్లు" అని ముసిముసిగా నవ్వితే, లోపలివాళ్ళు బయటికొచ్చి అవునండీ ఇదే అని వాళ్ళతోపాటు నవ్వేవారు. ఆ ఇంటికి ఒకటే సూత్రం. రాసింది రాసినట్టు, చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. సొంత కవిత్వం కూడదు. గవర్రాజు తండ్రి వీర్రాజు ఆ సూత్రానికి పెద్ద దిక్కు. బస్సులో "చిల్లర ఇచ్చి సహకరించండి" అని రాసి ఉంటే, టిక్కెట్టు కొన్నాక జేబులో మిగిలిన చిల్లరంతా కండక్టరు దోసిట్లో పోసి, సహకరించి మరీ దిగేవాడు. మేనమామ బుల్లియ్య ఒకసారి ఆసుపత్రి గోడ మీద "నిశ్శబ్దం పాటించండి" అని చదివాడు. ఎప్పటిదాకానో అక్కడ రాయలేదు. అంతే, వినాయక చవితికి చదివినవాడు దీపావళి దాకా నోరు విప్పలేదు.

ఇక తల్లి సూరమ్మ. ఆవిడ చేతి పప్పు తింటే ఎవరైనా ఆవిడ తెలివి సంగతి మర్చిపోతారు. ఇంటి ముందు చిన్న పాక వేసుకుని పప్పూ కూరా అమ్మేది. ఆవిడ పేరు మీద బోర్డు కూడా రాయించారు, "సూరమ్మ కర్రీ పాయింట్" అని, ఎర్రక్షరాలతో. రంగు ఆరేదాకా ఎండా వానా తగలకుండా ఉంచమన్నాడు రాసినతను. ఎండా వానా తగలని చోటు మంచం కింద తప్ప ఇంకెక్కడుంది. బోర్డు రెండేళ్ళుగా మంచం కిందే ఉంది. సూరమ్మ రోజూ ఇల్లు ఊడుస్తూ ఒకసారి వంగి తన పేరు చూసుకునేది.

ఇలా ఉండగా ఊరి చివర ఆడపిల్లల కాలేజీ హాస్టల్లో వంటమనిషి మానేసింది. వార్డెను వసుంధర గారు గవర్రాజుకి కబురుపెట్టి, నూట ఇరవై మంది అమ్మాయిలకి మధ్యాహ్నం భోజనం కావాలన్నారు. శనివారం ఒక్కరోజు చూస్తాం, నచ్చితే ఏడాదంతా మీకే ఇస్తాం, గేటు పక్క గది ఖాళీగా ఉంది, మీ బోర్డు అక్కడే తగిలించుకోండి, నచ్చకపోతే గంగాధరం మెస్‌కి ఇచ్చేస్తాం అన్నారు. ఒకటే షరతు. ఎంతమందికి వండాలో రోజూ పొద్దున కంప్యూటర్లోనే చెబుతారట. ఫోన్లు ఎత్తి ఎత్తి ఆవిడకి మెడ పట్టేసిందట.

ఇంకేముంది, గవర్రాజు పరుగెత్తుకెళ్ళి ఒక పాత కంప్యూటరూ ఒక ప్రింటరూ కొన్నాడు. వాటిని బిగించడానికి ఏసుపాదం గారిని పిలిచాడు. అన్నిటికీ కలిపి పన్నెండు వేలు అయిపోయాయి. మూడు వందలు మిగిలాయి.

ఏసుపాదం గారు చుట్టుపక్కల నాలుగూళ్ళ కంప్యూటర్లూ చూసే మనిషి. ఆయన స్తంభం మీంచి తీగ లాగి, పెరట్లో జామచెట్టు పక్కగా తెచ్చి, కిటికీలోంచి లోపలికి దూర్చి కంప్యూటర్‌కి పెట్టాడు. తీగ చాలకపోతే పెరటి మధ్యలో ఒక అతుకు వేశాడు. అయ్యాక అందర్నీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పాడు. నెట్ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఈ తీగ. ఇది పోతే కంప్యూటర్ సెల్‌ఫోన్ నెట్‌కి మారుతుంది. తీగ బాగుపడితే మళ్ళీ తీగకి మారుతుంది. మారిన ప్రతిసారీ కొన్ని పనులు చెయ్యాలి, మేం ఇప్పుడు ఈ దారిలో ఉన్నామని హాస్టల్ కంప్యూటర్‌కి చెప్పాలి, ఫోన్ మీద ఉన్నంతసేపూ పాటలూ సినిమాలూ ఆపెయ్యాలి. వాటికోసం మనిషి కాపలా కూర్చోనక్కర్లేదు. ఆ పనులన్నీ వరసగా ఒక ఫైల్లో రాసి పెడితే చాలు. దాన్నే స్క్రిప్ట్ అంటారు.

"నెట్ మారిందో లేదో, కంప్యూటర్ తనంతట తనే ఆ ఫైలు తెరుస్తుంది. పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కొక్కటే చేసుకుంటూ పోతుంది. ఎందుకని అడగదు. ఇందాకే చేశాను కదా అనదు. రాసింది మానదు, రాయనిది చెయ్యదు."

వీర్రాజు కళ్ళు తుడుచుకున్నాడు. "ఇది మా వంశంలో పుట్టాల్సిందండి, ఆయ్."

సరిగ్గా నడుస్తోందో లేదో తెలియడానికి ఏసుపాదం గారు ఆ ఫైలు చివర ఇంకో వరస కూడా పెట్టాడు, నెట్ మారగానే ఒక చీటీ ప్రింటయ్యేటట్టు. కంప్యూటర్ వెనక తీగ కొసనున్న పిన్ను ఊడదీశాడు. కిర్రుమని చీటీ వచ్చింది, "నెట్ మారింది" అని. పిన్ను మళ్ళీ పెట్టాడు. ఇంకో చీటీ. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. నాయనమ్మ మంగాయమ్మ ఆ రెండు చీటీలూ కళ్ళకద్దుకుని దేవుడి పటం దగ్గర పెట్టింది.

మరి మేం కూడా ఇందులో రాసుకోవచ్చా అని గవర్రాజు అడిగాడు. ఎందుకు రాసుకోకూడదూ, నెట్ మారినప్పుడు ఏ పని జరగాలో అది కింద ఇంకో వరస రాసుకోండి, మీ ఫైలే కదా అన్నాడాయన. బండి ఎక్కుతూ ఒక హెచ్చరిక చేశాడు. "నెట్‌ని కదిలించే పని మాత్రం అందులో పెట్టకండి. తీగని చేత్తో ముట్టుకోకండి."

ముట్టుకోమండీ ఆయ్ అని అందరూ చేతులు వెనక్కి కట్టుకున్నారు.

ఆయన వెళ్ళగానే గవర్రాజు ఇంట్లోవాళ్ళని చుట్టూ కూర్చోబెట్టాడు. మనింట్లో తెలివికి లోటు లేదు, ఏ పని ఎప్పుడు చెయ్యాలో చెప్పేవాళ్ళే లేరు, ఇప్పుడు దొరికారు అన్నాడు. ఏసుపాదం గారి చీటీ వరసని నకలు తీసి, "నెట్ మారింది" అన్నచోట తన మాట పెడితే అదే ప్రింటవుతుందని అతను అప్పటికే పట్టేశాడు. కాబట్టి ఎవరికేం కావాలో అడిగి ఒక్కొక్క వరసే రాసుకుంటూ పోయాడు. వీర్రాజు తనకి వేళకి టీ దొరకడం లేదన్నాడు. "వీర్రాజుకి టీ ఇవ్వు" అని రాశాడు. బుల్లియ్య కూర కలపమంటే గరిటె పట్టుకునే నిద్రపోతాడు. "బుల్లియ్య లేచి కూర కలుపు" అని రాశాడు. సూరమ్మ పప్పులో ఉప్పు మర్చిపోతుంటుంది. మంగాయమ్మ తడిగుడ్డలు బకెట్లోనే వదిలేస్తుంటుంది. ఉప్పు వెయ్యమనీ, తడిగుడ్డలు ఆరెయ్యమనీ రాశాడు.

ఉప్పు దగ్గర అతనికి చిన్న లెక్క తగిలింది. నెట్ పోవడం ఒక మార్పు, రావడం ఇంకో మార్పు. అంటే పోయినప్పుడొకటీ వచ్చినప్పుడొకటీ, రెండు చీటీలు. పప్పుకి గుప్పెడు ఉప్పు కావాలి. రెండుసార్లు గుప్పెడేస్తే కషాయమే. అందుకని "పప్పులో అరగుప్పెడు ఉప్పు వెయ్యి" అని రాశాడు. పోయినప్పుడు సగం, వచ్చినప్పుడు సగం. వీర్రాజు కొడుకు భుజం తట్టి, ఈ బుర్రకి దిష్టి తియ్యమని భార్యతో చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే నెట్ పోయింది. చీటీ వచ్చింది. అరగుప్పెడు ఉప్పు పడింది. ఇక నెట్ రాలేదు. పదైంది, పన్నెండైంది, పప్పు కొనుక్కెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే గిన్నెలతో వెనక్కొచ్చారు. ఉప్పు చాల్లేదమ్మా అని ఒకావిడ అంటే, చాలదండీ, సగమే వేశాను, నెట్ వచ్చాక మిగతా సగం వేస్తాను అని సూరమ్మ ఎంతో మర్యాదగా చెప్పింది. నెట్ ఎప్పుడొస్తుందని ఆవిడ అడిగింది. అది మన చేతుల్లో లేదు కదండీ అని సూరమ్మ పైకి చూసి దణ్ణం పెట్టింది.

సాయంత్రం నెట్ వచ్చింది. చీటీ కిర్రుమంది. అంతే, బుల్లియ్య ఉప్పు బకెట్టు భుజాన వేసుకుని, పొద్దున పప్పు కొన్న ఇళ్ళన్నీ తిరిగాడు. పప్పు మిగిలిన ఇళ్ళలో గిన్నెలో వేశాడు. తినేసినవాళ్ళని నోరు తెరవమన్నాడు. ఒక మేస్టారు తెరిచారు కూడా, ఏదో పోలియో చుక్కల్లాంటిది అనుకుని.

ఈ దెబ్బకి స్క్రిప్ట్ మీద నమ్మకం పోవాలి కదా. ఇంకా పెరిగింది. నెట్ తొందరగా రాకపోవడం నెట్ తప్పుగానీ ఫైలు తప్పు కాదని గవర్రాజు తేల్చాడు.

శనివారం వచ్చింది.

తెల్లారేసరికే గాడిపొయ్యి మీద డేగిసాలు ఎక్కాయి. పదింటికి హాస్టల్ నుంచి కంప్యూటర్లో లెక్క దిగింది, నూట ఇరవై మంది. అన్నం వార్చారు. వంకాయ కూర పొయ్యి మీదుంది. పప్పు ఉడుకుతోంది. సూరమ్మ మంచం కింద నుంచి బోర్డు తీసి, తుడిచి, మళ్ళీ లోపలికి తోసింది. బయట సన్నగా గాలి మొదలైంది. స్తంభం దగ్గర తీగ ఒకసారి ఊగి, పొద్దుటినుంచీ ఫోన్ మీదున్న నెట్ తీగకి మారింది. కిర్రు.

చీటీ గవర్రాజు గట్టిగా చదివాడు. తండ్రికి టీ ఇచ్చాడు. వీర్రాజు గ్లాసు పుచ్చుకుని అలాగే నిలబడ్డాడు. ఇవ్వమని రాశారుగానీ తాగమని రాయలేదు. బుల్లియ్య అప్పటికి లేచే ఉన్నాడు. లేచి ఉన్నవాడు లేవడమెలా. అందుకని గబగబా చాప పరుచుకుని పడుకుని, లేచి, అప్పుడు కూర కలిపాడు. సూరమ్మ అరగుప్పెడు ఉప్పు వేసింది. మంగాయమ్మ తడిగుడ్డల కోసం బకెట్లో చూసింది. ఒకటే చీర ఉంది. దండెం తాడు రాత్రి తెగిపోయింది. పెరట్లో అటూ ఇటూ చూస్తే, జామచెట్టు పక్కన బిగుతుగా, నిగనిగలాడుతూ కంప్యూటర్ తీగ కనిపించింది. చేత్తో ముట్టుకోవద్దన్నారు కదా అని ఆవిడకి గుర్తొచ్చింది. తెలివైన మనిషి కాబట్టి కర్ర తెచ్చి, కర్రతో ఎత్తి చీర ఆరేసింది.

తడిచీర బరువుకి తీగ దిగింది. మధ్యలో ఉన్న అతుకు ఊడింది. కంప్యూటర్ ఫోన్ నెట్‌కి మారింది. కిర్రు.

ఇంకో టీ. ఇంకోసారి చాప. ఇంకో అరగుప్పెడు. మంగాయమ్మ బకెట్ దగ్గరికెళ్ళింది. తడిగుడ్డలు లేవు. ఆరిన తువ్వాలొకటి ఉంది. ఆరినదాన్ని ఆరెయ్యడమేమిటని, దాన్ని నీళ్ళలో ముంచి తీసింది. ఈలోగా గాలికి చీర పైకి లేచి, అతుకు కలుసుకుని, నెట్ మళ్ళీ తీగకి మారింది. కిర్రు. తువ్వాలు పడింది. అతుకు ఊడింది. కిర్రు. గాలి లేపింది. కిర్రు.

ఇంకేముంది, గుడ్డ పడితే నెట్ మారడం, నెట్ మారితే గుడ్డ పడడం. మంగాయమ్మ చీరలు అయిపోయాయి, సూరమ్మ చీరలు అయిపోయాయి, దిండు గలీబులు, గోనెసంచులు, పక్కింటి సుందరం గారి పంచెలు. ఆ పంచెల్ని ముంచి తీస్తుంటే సుందరం గారు గోడమీంచి చూసి, నిన్ననే ఉతికించానమ్మా అవి అన్నారు. ఆరాక తీసుకెళ్ళండి బాబూ అని మంగాయమ్మ హామీ ఇచ్చింది.

వీర్రాజుకి రెండు చేతులూ నిండాయి. మూడో గ్లాసు మోచేతి మడతలో పెట్టారు. నాలుగోది ఇంకో మోచేతిలో. తర్వాత ఒకటి చొక్కా జేబులో, ఒకటి నెత్తిమీద. కదిలితే ఒలుకుతుందని ఆయన కళ్ళతోనే మాట్లాడడం మొదలుపెట్టాడు. బుల్లియ్యకి పడుకుని లేచి, పడుకుని లేచి, నడుం పట్టేసింది. జీవితంలో ఇంత నిద్రపోయిన రోజూ లేదు, ఇంత అలసిపోయిన రోజూ లేదు అక్కా అన్నాడు.

సూరమ్మ మాత్రం ఒక్క మాటే అంది. "ఒరే అబ్బాయ్, ఉప్పేసి ఏసి చెయ్యి మండుతోందిరా."

అప్పుడు గవర్రాజు తలెత్తి డేగిసా వైపు చూశాడు. అతని బుర్రలో లెక్క గిర్రున తిరిగింది. నూట ఇరవై మంది పప్పుకి పడాల్సిన ఉప్పెంత, పడిందెంత. ఉప్పు చాలా ముందుకి వెళ్ళిపోయింది. పప్పు వెనకబడిపోయింది. ఇలాంటప్పుడు ఇంకెవరైనా అయితే ప్రింటర్ ఆపేవాళ్ళు, లేదా ముసలమ్మ చేతిలో కర్ర లాక్కునేవాళ్ళు. గవర్రాజు కూర్చుని ఫైలు తెరిచి ఇంకో వరస చేర్చాడు, "నాలుగు సోలల పప్పూ దానికి తగ్గ నీళ్ళూ పొయ్యి" అని. వెనకబడిన పప్పు ఉప్పుని అందుకోవాలి కదా. చీటీకి ఎంత ఉప్పు పడితే ఎంత పప్పు కావాలో, పోయిన బాకీతో సహా, సోల తేడా రాకుండా కట్టాడు.

అంతే, ఇక పప్పు పెరగడం మొదలైంది. డేగిసా నిండింది. రెండో డేగిసాలోకి వంచారు. అదీ నిండితే గుండిగల్లోకి, నీళ్ళు కాచుకునే కాగులోకి, బిందెల్లోకి. సుందరం గారి ఇంట్లోంచి కూడా గిన్నెలు తెచ్చారు, పంచెలకి తోడు. కంప్యూటర్ వచ్చిన అట్టపెట్టెలో పోసి చూశారు. అది నిలవలేదు.

పదకొండున్నరకి అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ముంచడానికి వీధిలో పొడిగుడ్డ మిగల్లేదు. గుడ్డల బరువుకి తీగ బాగా వంగి, జామకొమ్మ మీద ఆనుకుని, అతుకు కలుసుకున్నది కలుసుకున్నట్టే ఆ కొమ్మ సందులో ఇరుక్కుని బిగుసుకుపోయింది. గాలి వీచినా కదల్లేదు. ప్రింటర్ ఊరుకుంది. అందరూ ఎక్కడివాళ్ళక్కడ చతికిలబడ్డారు, వీర్రాజు తప్ప. పొయ్యి మీద పప్పు ఎవరూ కదపకుండా, ఎవరూ ఏమీ వెయ్యకుండా, ఆ రోజు మొదటిసారి ప్రశాంతంగా ఉడికింది.

పన్నెండుంబావుకి ఫోన్ మోగింది. మెడ నొప్పి ఉన్నా వసుంధర గారే చేశారు. అమ్మాయిలు కంచాలు పెట్టుకుని కూర్చున్నారు, భోజనం ఎక్కడుంది అని అడిగారు.

"వంటైపోయిందండి మేడంగారండీ. వేడివేడిగా ఉందండి, ఆయ్" అన్నాడు గవర్రాజు.

"మరి పంపలేదేం?"

గవర్రాజు ఫైలు పైనుంచి కిందికి చూశాడు. టీ ఉంది, చాప సంగతి ఉంది, ఉప్పుంది, పప్పుంది, గుడ్డలున్నాయి. భోజనం పంపమని ఎక్కడా లేదు. తప్పు ఒప్పుకునే మనిషి కాబట్టి, రాయడం మర్చిపోయామండి, ఇప్పుడే రాస్తాం అన్నాడు. వసుంధర గారు మెల్లిగా, ఒంటిగంటలోపు భోజనం గేటు దగ్గరుండాలి, లేకపోతే గంగాధరం మెస్‌కి చెప్పేస్తానని ఫోన్ పెట్టేశారు.

గవర్రాజు వెంటనే చివరి వరస రాశాడు, "భోజనం హాస్టల్‌కి తీసుకెళ్ళు" అని. బుల్లియ్య ఆటో తెచ్చి గుమ్మానికి ఆనించాడు. గిన్నెలన్నీ అందులోకి ఎక్కించారు. అంతా సిద్ధం. ఇక నెట్ మారడమే తరువాయి.

నెట్ మారలేదు.

ఇందాక ఊపిరాడనివ్వకుండా మారిన నెట్, ఇప్పుడు మారమంటే రాయిలా కూర్చుంది. మంగాయమ్మ ప్రింటర్‌కి బొట్టుపెట్టింది. బుల్లియ్య తీగకేసి నోటితో గాలి ఊదాడు. వీర్రాజు నెత్తిమీది గ్లాసు కదలకుండా కళ్ళు మాత్రం పైకెత్తి ప్రార్థించాడు. అప్పటికి పన్నెండున్నర దాటింది. గవర్రాజుకి లెక్కలన్నీ మర్చిపోయినట్టయింది. హాస్టల్‌కి ఆటోలో ఐదు నిమిషాలు, అంతే తెలుసు.

సూరమ్మ మంచం దగ్గరికెళ్ళి కింద కూర్చుంది. బోర్డు మీద చెయ్యి వేసింది. అక్కణ్ణుంచే అంది, "పోనీలేరా నాన్నా. ఆ గంగాధరానికే చెప్పమను. పిల్లలు ఆకలితో ఉన్నారు. ఎవరి పప్పయితేనేం, తినడం ముఖ్యం."

ఆ మాటకి గవర్రాజు కంప్యూటర్ వదిలిపెట్టాడు. లేచి, చూరులో దోపిన కొడవలి లాగి, పెరట్లోకి పరుగెత్తాడు. చేత్తో ముట్టుకోకూడదు. కొడవలితో ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు. ఒక్క వేటు వేశాడు. తీగ తెగి, వీధి వీధి బట్టలన్నీ దభీమని నేలమీద పడ్డాయి. ఇంట్లోంచి కిర్రుమని వినిపించింది. ఆ చప్పుడు అంత తియ్యగా ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది.

అయితే చివరి వరసకి వెళ్ళాలంటే ముందు వరసలన్నీ దాటాలి. దాటారు. వీర్రాజుకి ఇంకో గ్లాసు, ఈసారి పళ్ళతో పట్టుకున్నాడు. బుల్లియ్య ఆటో ముందే చాప పరిచి, పడుకుని, లేచి, కూర కలిపాడు. సూరమ్మ ఆటో ఎక్కి పప్పు గిన్నెలో ఉప్పు వేసింది, గోతాం అడుగున మిగిలిన పచ్చిపప్పు నాలుగు సోలలూ పోసింది. మంగాయమ్మ గుడ్డలు ఆరెయ్యడానికి తీగ లేదు. ఆటో ఉంది. ఆటో నిండా చీరలూ పంచెలూ పరిచింది. అప్పుడు బయల్దేరారు.

ఒంటిగంటకి ఇంకా కొంచెం ఉందనగా, రంగురంగుల చీరలు కప్పుకుని, నీళ్ళు కారుతూ ఒక ఆటో హాస్టల్ గేటులోకి వచ్చింది. ఏ ఊరేగింపో అనుకుని అమ్మాయిలు బిలబిలమని బయటికొచ్చారు. ఆకలి మీదున్నారు. కూర్చున్నారు, తిన్నారు. పప్పు తగువేళకి తగుసేపు ఉడికింది, ఉప్పూ పప్పూ లెక్క సరిపోయింది. పైన తేలిన పచ్చిపప్పుని తిరగమోతలో వేయించి వేసినదనుకుని కరకరా నమిలి, ఇంకొంచెం వెయ్యమన్నారు. నూట ఇరవై మంది మారు వడ్డించుకున్నాక, కాలేజీ వాళ్ళందరూ తిన్నాక, వాచ్‌మన్ ఇంటికి బిందెడు పట్టుకెళ్ళాక కూడా పప్పు మిగిలింది.

వసుంధర గారు చెయ్యి కడుక్కుని వచ్చేసరికి వీర్రాజు ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఒళ్ళంతా గ్లాసులతో. భోజనమయ్యాక టీ కూడా ఇస్తున్నారనుకుని ఆవిడ నెత్తిమీది గ్లాసు తీసుకున్నారు. స్టాఫంతా తలా ఒకటి తీసుకున్నారు. చల్లారిపోయింది, అయినా అందరూ తాగారు. ఇంత మర్యాద తెలిసినవాళ్ళని చూడలేదు అన్నారావిడ. సోమవారం నుంచి రోజూ మీరే పంపండి, సరిగ్గా పన్నెండున్నరకి, ఇవాళ్టిలా చివరి నిమిషం దాకా లాగకండి, వచ్చేటప్పుడు బోర్డు కూడా తెచ్చుకోండి అన్నారు.

సూరమ్మ దారంతా చీరకొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూనే ఉంది.

ఆదివారం ఏసుపాదం గారు వచ్చి తెగిన తీగ చూశాడు. కోతి ఏమైనా కొరికిందా అని అడిగాడు. మేం చేత్తో ముట్టుకోలేదండీ అని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. ఆయన కొత్త తీగ వేసి, జామచెట్టుకి అందనంత ఎత్తున లాగి, అతుకనేది లేకుండా బిగించాడు. ఇక పిడుగు పడినా మీ నెట్ మారదు అని ధైర్యం చెప్పి వెళ్ళాడు.

గవర్రాజు రాత్రి భోజనం దగ్గర ఆలోచించాడు. నెట్ మారితేనే చీటీ. చీటీ వస్తేనే భోజనం వెళ్ళేది. తీగ కోస్తేనే నెట్ మారేది. అంటే రోజూ పన్నెండుంబావుకి తీగ కొయ్యాలి. పాత కొడవలి మొద్దుబారిపోయింది. మిగిలిన మూడు వందలూ పెట్టి కొత్త కొడవలి కొన్నాడు. అంతటితో ఊరుకోలేదు. హడావిడిలో కొయ్యడం మర్చిపోతే ఏం గతి? శనివారం భోజనం పంపడమే మర్చిపోయారు. అందుకని ఫైలు తెరిచి, అన్నిటికంటే పైన, మొట్టమొదటి వరసగా రాశాడు, "తీగ కొయ్యి" అని.

సోమవారం పన్నెండుంబావుకి భోజనం ఆటోలో ఎక్కింది. వెనక సీట్లో సూరమ్మ కూర్చుంది, ఒళ్ళో బోర్డు పెట్టుకుని, ఎర్రక్షరాలు బయటికి కనబడేటట్టు. బుల్లియ్య చాప పక్కన, వీర్రాజు ఖాళీ చేతులతో, మంగాయమ్మ తడిచీరతో, ఎవరి చోట వాళ్ళు ఉన్నారు. గవర్రాజు పెరట్లో నిచ్చెన ఎక్కి, కొత్త కొడవలి తీగకి ఆనించి, కిటికీలోంచి ప్రింటర్ వైపే చూస్తున్నాడు.

పన్నెండూ ఇరవై అయింది. సూరమ్మ ఆటోలోంచి కేకేసింది. "ఏరా, ఇంకా కొయ్యలేదా?"

"చీటీ రావాలమ్మా."

"చీటీ ఎప్పుడొస్తుందిరా?"

"నెట్ మారగానే వస్తుంది."

"నెట్ ఎప్పుడు మారుతుంది?"

"తీగ కొయ్యగానే మారుతుందమ్మా."

సూరమ్మ కాసేపు ఆలోచించింది. అంతా సక్రమంగానే ఉన్నట్టు తోచింది. బోర్డు మీద పడిన దుమ్ము కొంగుతో తుడుచుకుని, సర్దుకుని కూర్చుంది. గవర్రాజు కొడవలి పిడి బిగించి పట్టుకున్నాడు. చీటీ రావడం ఒక్కటే ఆలస్యం, రాగానే ఒక్క వేటు.